భవానీపూర్ బస్సుపై అమూల్య దండయాత్ర

గంగాతరంగశీకరములును డీజిల్‌ధూమపటలములును ఏకకాలమున అభిషేకించు కలకత్తా మహానగరమున, భాద్రపదమార్తాండుడు భవానీపూర్ డాబాలపై అగ్నిశరములు కురియుచున్న ఒకానొక గురువారపు ఉదయమున, సకలవిరామచిహ్నసంహారిణి, సాఫ్ట్‌వేర్‌కులతిలక అమూల్య, ఒంట్లో బాగులేదని ఆఫీసుకు మెసేజి పెట్టి ల్యాప్‌టాప్ తెరచెను. ఆ వీరాంగన కథ చెప్పెద, చెవియొగ్గి వినుడు.

నగరమున బస్సువేళలు తెలుపు ఆప్ ఒకటి గలదు. అది ఓపెన్ సోర్స్; అనగా ఎవరైనను వచ్చి ఉచితముగా దాని తప్పులు దిద్దవచ్చును, కనుక ఎవరును రారు. నిర్వాహకులు మృత్యుంజయగారు విసిగి వేసారి, కొత్తవారిని రప్పించుటకై దానినొక ఆటగా మార్చిరి. దిద్దుబాటుకు పది పాయింట్లు. తొలుత పదాతి, పిదప అశ్వికుడు, ఎల్లరికంటె ముందు శిఖరము చేరినవారికి మహారథి బిరుదము, పేరు పక్కన బంగారు రథము. ఇంకేమున్నది, జనము విరగబడెను. న్యూ టౌన్ నివాసి లలిత్ వాక్యము చివర చుక్క పెట్టి పది పాయింట్లు గెలువ, అమూల్య ఆ చుక్క తీసి పది గెలిచెను. అతడు మరల పెట్టెను. ఇట్లు వేసవి గడచెను.

ఆ ఉదయము ఇరువురికిని శిఖరము ఒక్క దిద్దుబాటు దూరమున నున్నది. అంతలో చుక్కల యుద్ధము ఇక చెల్లదని మృత్యుంజయగారు శాసించిరి. మిగిలినది ఎవ్వరును తాకని ఫిర్యాదొక్కటే: భవానీపూర్‌లో తొమ్మిదింబావు బస్సు ఏనాడును తొమ్మిదింబావుకు రాదు. దానిని దిద్దవలెనన్న ఎండలో నిలువబడవలెను.

ఛత్రధారిణియై ఆమె బస్టాపు చేరునప్పటికి, బ్యాంకుకు పోవలసిన తల్లి శారద అచటనే నిలిచి యుండెను. ఆఫీసు లేదా అని తల్లి అడుగగా కూతురు గర్జించెను:

“జననీ! నేడీ బస్సు రాకడవేళను ఛేదించితినా, రథము నాది. లేదేని, ఆ లలిత్ రథారోహణము ఈ కన్నులతో చూడజాలను.”

“ఆ ఫిర్యాదు పెట్టింది నేనేనే. ఆర్నెల్లయింది,” అన్నది శారద. “గొడుగున్నా తల మాడిపోతుంది, ఇలా నీడలోకి రా.”

అటు న్యూ టౌన్‌లో లలిత్, చల్లని గదిలో కూర్చుండి, నోటికి వచ్చిన వేళలన్నియు వ్రాసి పంపుచుండెను; మృత్యుంజయగారు అన్నింటిని త్రిప్పికొట్టుచుండిరి. ఇటు అమూల్యకు చెమటలు ధారలు కట్టెను. అంతలో వేరొక బస్సు వచ్చి ఆగెను. ఆమె ప్రాణములుగ్గబట్టి, దాదా, తొమ్మిదింబావు బస్సు నిజముగా ఎప్పుడు వచ్చునని దాని కండక్టరును వేడెను. వ్రేళ్లసందున నోట్లు మడచి పట్టిన ఆ మహర్షి బస్సు రేకుపై చరచి పలికెను:

“ఆష్బే దీదీ, ఆష్బే. వచ్చినప్పుడు వస్తుంది.”

అమూల్యకు జ్ఞాననేత్రము తెరచుకొనెను. అంగుష్ఠద్వయము విద్యుల్లతలై ఫోనుపై నర్తింప, తొమ్మిదింబావును సమూలముగా పెరికివైచి, ఆ స్థానమున ‘వచ్చినప్పుడు వచ్చును’ అని ప్రతిష్ఠించెను. ఈ ఆప్ పలికిన తొలి సత్యమిదేనని మృత్యుంజయగారు తత్క్షణమే ఆమోదించిరి.

ఆమె పేరు పక్కన ఆవగింజంత రథము తళుక్కుమనెను. కన్నులు చెమర్ప, ఆమె దానిని తల్లికి చూపెను. శారద కళ్లద్దాలు పైకి తోసుకొని చాలాసేపు చూచెను.

“బాగుందమ్మా. దీన్నెక్కి బ్యాంకుకి వెళ్లొచ్చా?”

ముల్లోకములును వినుగాక! అట్లు అమూల్య మహారథి యయ్యెను. తల్లియు కూతురును ఒకే గొడుగు క్రింద బస్సు కొరకు చూచుచు నిలిచి యుండిరి.