ఇతర క్షీరదాలు

నాగరికత అంటే ఏమిటో పండితులు ఇంతవరకు తేల్చలేదు గానీ, రహదారుల శాఖ తేల్చేసింది: నక్క భద్రంగా దాటగలిగిన రోడ్డే నాగరికమైన రోడ్డు. అందుకే ఊరంతా ఉద్యోగాలకు పరుగెత్తే ఆ దారిని ఆరు వరుసలకు వెడల్పు చేసి, నడుమ కంచె కట్టి, కింద చక్కటి సొరంగం తవ్వి, నక్కలకూ కుందేళ్ళకూ ఉడుములకూ అంకితమిచ్చింది. మనుషులకు ప్రవేశం లేదు. (మనుషుల సిగ్నల్ రెండు కిలోమీటర్ల అవతల ఉంది. నడక ఆరోగ్యానికి మంచిది.)

సొరంగం పక్కనే కళ్ళద్దాల దుకాణం. బస్టాపు అవతలి వైపు. షావుకారు లెక్క వేసుకున్నాడు: ఇదివరకు రోజుకు ముప్పైమంది బస్సు దిగి వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఇద్దరు. మొదటివాడు లారీల మధ్య నుంచి కంచె దూకి ప్రాణాలతో వచ్చాడంటే వాడి చూపు దివ్యంగా ఉన్నట్టే, వాడికి అద్దాలు అంటగట్టలేం. రెండో మనిషి క్యారియర్ తెచ్చే తన భార్య. ఇంకో నెల ఇలాగే సాగితే దుకాణానికి తాళమే. కాలి వంతెన కోసం అర్జీ పెట్టాడు.

సొరంగం దగ్గర కుర్చీలో జంతు గమనాగమన గణకుడు దిగులుగా కూర్చునేవాడు. రెండు నెలలుగా ఆయన పట్టికలో సున్నాలే. మూడో నెలా సున్నా అయితే సొరంగం పూడుస్తారు, ఆయన్ని బదిలీ చేస్తారు.

"ఇంత బాగా కడితే ఒక్క నక్కా రాదేమండీ!"

"నక్కలకి బస్సు టైము ఉండదు కదా సార్. ఉన్నవాళ్ళని పంపిస్తా, రాసుకోండి," అన్నాడు షావుకారు.

"మనుషులకి గడి లేదండీ."

"ఆ చివరి గడి ఏమిటి?"

"ఇతర క్షీరదాలు."

"చాలు. నా గిరాకీల్లో తల్లిపాలు తాగనివాడు ఒక్కడూ లేడు."

మర్నాడు భార్య క్యారియర్‌తో సొరంగంలోంచి వచ్చింది. "ఏవండీ, ఈయన నన్ను చూసి గీత గీశాడు. ఏమని రాశాడట?"

"క్షీరదమని."

"మీ అమ్మగారు పెళ్ళైన కొత్తలో ఇంతకంటే ఘోరంగానే అన్నారు లెండి."

"ఆరోగ్యంగా ఉందని కూడా రాశాను వదినగారూ," అన్నాడు గణకుడు.

"అయితే రేపు మా చెల్లెల్నీ, దాని అత్తగారినీ తెస్తా. ఆవిణ్ణి ఏ గడిలో రాస్తారో చూడాలి!"

నెలాఖరుకి ఇతర క్షీరదాలు తొమ్మిది వందలు దాటాయి. శాఖ పులకించింది. గణకుడికి ప్రశంసాపత్రం వచ్చింది, షావుకారికి ఉత్తర్వు వచ్చింది: "సదరు స్థలంలో మూడు నెలలుగా రోడ్డు దాటిన మనుషులు నమోదు కానందున వంతెన అర్జీ తిరస్కరించడమైనది. క్షీరదాల ప్రశాంతత దృష్ట్యా, సొరంగంలో మనిషి కనబడినచో భారీ జరిమానా విధించబడును."

దుకాణం నిండా ఉన్న గిరాకీలు గొల్లుమన్నారు. "ఇప్పుడు మేమెలా పోయేది?"

షావుకారు ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. "జరిమానా మనిషికేనమ్మా. మిగతావాళ్ళు నిశ్చింతగా వెళ్ళండి."

ఆ సాయంత్రం నిబంధన ప్రకారం గణకుడు ఒక్కొక్కరినీ ఆపి, "తమరు మనుషులేనా?" అని మర్యాదగా అడిగాడు. అరవై మందిలో ఒక్కరూ అవుననలేదు.