ఉమ్మడి భుజానికి కారణం

ఏ వస్తువైనా తనకు తానే సమానమన్న సంగతి కూడా కాగితం మీద పెడితేగాని చెల్లదని మానవజాతి ఎప్పుడో తీర్మానించుకుంది. ఆ తీర్మానాన్ని నిష్ఠగా అమలు చేసేవారిలో పింఛన్ల కార్యాలయం సూపరింటెండెంటుగారు ఒకరు. కౌంటరు ముందు నిలబడి దగ్గుతున్న పెద్దాయనను సైతం, బతికే ఉన్నట్టు ధ్రువపత్రం తెమ్మని మర్యాదగా వెనక్కి పంపగలరు. (దగ్గును ఆధారంగా స్వీకరించే నిబంధన ఇంకా రాలేదు.)

ఆదివారం సాయంత్రం ఆయన కూతురు లెక్కల పుస్తకం పట్టుకొచ్చింది. తొమ్మిదో తరగతి. తెల్లారితే పరీక్ష.

"నాన్నా, ఈ రెండు త్రిభుజాలూ సర్వసమానమని నిరూపించాలి."

గాలిపటంలాంటి బొమ్మ, నడుమ నిలువుగా ఒక గీత. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"చూస్తే తెలియట్లేదూ? సమానమే. రాసెయ్."

"కారణం రాయకపోతే మార్కులు వెయ్యరు. రెండేసి భుజాలు సమానమని లెక్కలోనే ఇచ్చారు. మూడోదానికి ఏం రాయను?"

"మూడోది రెండింటికీ కలిపి ఒకటే గీత కదమ్మా. అది దానికి సమానం కాక ఇంకెవరికి సమానం?"

"అదే, ఎందుకూ అని."

తనకు తెలియదని చెప్పే అలవాటు ఆయనకు లేదు. అంచేత బడివారి సందేహ నివారణ కేంద్రానికి ఫోను చేశారు. సర్వసమానత్వ విభాగం సహాయాధికారిణి పలికి, కూతురి లెక్క సంగతంతా విన్నది.

"సందేహం పాపదా, మీదా సార్?"

ఆయన గొంతు తగ్గించారు. "ఇద్దరిదీ అనుకోండి."

"ఉమ్మడి సందేహాలకు వేరే విభాగం ఉంది సార్. ముందు మీరు పాప తండ్రేనని ఆధారం పంపండి."

"పక్కనే ఉందండీ. మాట్లాడిస్తాను."

"మాట్లాడితే చెల్లదు సార్."

ఆ మర్యాద ఆయనకు బాగా పరిచయమైనదే. ఇటువైపు నుంచి వినడం మాత్రం మొదటిసారి. ఫోనులో సంగీతం మొదలైంది. అది మూడోసారి తిరిగేలోగా కూతురు పుస్తకంలో ముందు పేజీలు తిరగేసి దారి తనే కనుక్కుంది.

"ఉమ్మడి భుజం అని రాస్తే చాలు నాన్నా, అదే కారణం. మూడు భుజాలూ సమానమయ్యాయి కాబట్టి త్రిభుజాలు సర్వసమానం. అర్థమైందా?"

ఉన్న మాటనే మళ్ళీ రాస్తే అది కారణమెలా అవుతుందో ఆయనకు బొత్తిగా అంతుపట్టలేదు.

"ఆఁ, అర్థమైంది" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆయన పాఠం చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల కూడా అచ్చం అదే గొంతుతో అలాగే అంటూ వచ్చింది.