మాజీ కాలేని కోర్టు

కోర్టు భవనం కట్టడం ఏమంత గొప్ప పని కాదు. రాయి ఉండాలి, తాపీమేస్త్రీ ఉండాలి, ముందువైపు నాలుగు స్తంభాలు నిలబెట్టే ఓపిక ఉండాలి. ఉన్న కోర్టును మాజీ కోర్టు చేయడం మాత్రం ఎంతటి ప్రభుత్వానికీ అంత తేలిగ్గా అయ్యే పని కాదు. నాయకుడు మాజీ కావడానికి ఒక్క ఎన్నిక చాలు. మొగుడు మాజీ కావడానికి ఒక్క లాయరు చాలు. భవనానికి అలా కుదరదు, దానికి అన్నీ శాస్త్రోక్తంగా జరగాలి.

మా రాష్ట్రంలో ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వపు, కోర్టు భవనాలు రెండు జాతులు. వాడుకలో ఉన్నవి, మాజీలు. (రాష్ట్రం పేరు రాయడం లేదు, రాస్తే నాకూ ఒక నోటీసు వస్తుంది. మొక్కజొన్న ఎక్కువ, మనుషులు తక్కువ అంటే తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.) మాజీల్లో ఒకటి లైబ్రరీ అయింది, ఒకటి పెళ్ళిళ్ళ హాలు అయింది. ఇంకొకదాన్ని ఒక పళ్ళ డాక్టరు కొనుక్కుని, ముద్దాయిలు నిలబడిన చోటే కుర్చీ వేసి పళ్ళు పీకుతున్నాడు (కేకలు మాత్రం పాతవే అంటారు). అవన్నీ సుఖంగానే ఉన్నాయి. అటూ ఇటూ కాకుండా మధ్యలో వేలాడుతున్నది మా క్రాల్‌విల్ భవనం ఒక్కటే.

ఆ రోజుల్లో అన్ని ఊళ్ళలో కట్టినట్టే దాన్నీ కట్టారు. కింద పోస్టాఫీసు, పైన కోర్టు. పోస్టాఫీసు హైవే పక్కకు తరలిపోయాక భవనాన్ని వేలం వేస్తే హ్రుష్కా పెద్దాయన పాడుకున్నాడు. తర్వాత అందులో ఆయన కోడలు మార్లీన్ హ్రుష్కా బేకరీ నడిపేది. స్టాంపులు అమ్మిన కిటికీల్లోంచే కొలాచీలు అమ్మేది. చెక్ దేశం నుంచి వచ్చిన తాతల కాలం నుంచి ఈ ఊళ్ళో పుట్టినా చచ్చినా కొలాచీ ఉండాల్సిందే. మెత్తటి రొట్టె, నడిమధ్య చిన్న గుంట, ఆ గుంటలో గసగసాల ముద్ద. రిజిస్టర్డు పార్సిళ్ళు దాచిన ఇటుకల గదినే ఆమె అత్తగారు పొయ్యిగా మార్చింది. ఆ వేడి గోడల్లోంచి పైకి పాకి, మేడ మీద జడ్జి కూర్చునే చోట సరిగ్గా ఆగేది. అందుకని మార్లీన్ తెల్లవారకముందే పిండి కలిపి, గంగాళాలు తీసుకుపోయి ధర్మాసనం మీద పెట్టేది. ఈ రాష్ట్రంలో న్యాయం ఎక్కడ ఎలా ఉందో నాకు తెలియదు గాని, మా ఊళ్ళో ధర్మాసనం మీద పెట్టినది ఏదైనా చక్కగా పొంగేది.

ఇలా ఉండగా రాజధాని నుంచి డ్వైట్ పామ్‌ఫ్రెట్ అనే అధికారి వచ్చాడు. ఆయన హోదా 'వర్తమాన, భూత భవనాల నిర్ణయాధికారి'. (భూతాల మీద ఒక అధికారి ఉంటాడని నేను అంతవరకు నమ్మలేదు.) అప్పుడు నేను కొలాచీల కోసం కిటికీ ముందు వరసలో ఉన్నాను. మా ఊరి వారపత్రికలో వ్యాసాలు రాసేవాణ్ణి కాబట్టి చెవులు అటే పెట్టాను.

"ఏం కావాలండీ? గసగసాలవి అయిపోవచ్చాయి, ముందే చెప్తున్నా," అంది మార్లీన్.

"మీరిక్కడ ఏం చేస్తున్నారు మేడమ్?"

"కనబడట్లేదా? కొలాచీలు."

"ఇది వాడుకలో ఉన్న ఫెడరల్ కోర్టు. తినుబండారాలు నిషేధం."

"కోర్టేంటయ్యా పొద్దున్నే? ఈ బిల్డింగు మా మామగారు వేలంలో కొన్నారు!"

"భవనాన్ని కొన్నారు మేడమ్. కోర్టును కొనలేదు. గోడలు, కప్పు, మెట్లు, నేలమాళిగ అమ్మినట్టు పత్రంలో ఉంది. కోర్టు అమ్మినట్టు ఎక్కడా లేదు."

"అయితే ఆ కోర్టు ఎక్కడుందో చూసుకుని మూట కట్టుకుని పట్టుకుపోండి. నేనేమన్నా అడ్డం పడ్డానా?"

"అది మేడ మీద ఉంది," అన్నాడు పామ్‌ఫ్రెట్, గొంతు తగ్గించి. "విరామంలో ఉంది."

విషయం ఏమిటంటే, 'క్రాల్‌విల్‌లో కోర్టు కూర్చుంటుంది' అని చట్టంలో ఒక వాక్యం ఉంది. అరవై ఏళ్ళ కిందట కీటింగ్ అనే జడ్జి వచ్చి, ఆ వాక్యం ప్రకారం కూర్చుని, పోస్టు సంచీ దొంగిలించాడని రూడీ స్వోబోడా అనే కుర్రవాడి మీద విచారణ మొదలుపెట్టాడు. మధ్యాహ్నం కాగానే కర్రసుత్తి ఒక దెబ్బ కొట్టి "భోజనం చేసి వద్దాం" అన్నాడు. ఊరి హాల్లో బాతు వేపుడూ పుల్ల క్యాబేజీ తిన్నాడు, బీరు తాగాడు, ఎవరో రమ్మంటే చేపలు పట్టడానికి వెళ్ళాడు. మళ్ళీ క్రాల్‌విల్ రాలేదు. ఆ వారంలోనే రిటైరయ్యాడని తర్వాత తెలిసింది. ముద్దాయి చీకటిపడేదాకా బెంచీ మీద కూర్చుని, ఎవరూ పొమ్మనకపోయినా ఇంటికి పోయాడు. (తర్వాత రెండుసార్లు మా మేయరయ్యాడు, అనుభవం ఉంది కదా.) గుమాస్తా మాత్రం 'కోర్టు భోజన విరామంలో ఉన్నది' అని రాసి వెళ్ళాడు. ముగిసింది అని రాయలేదు. అంటే చట్టం దృష్టిలో మా కోర్టు ఇంకా అన్నం తింటోంది.

అన్నం తింటున్న కోర్టుకు కాపలా కావాలి. కాపలాగా మార్లీన్ ఆడపడుచు కొడుకు లోనీనే పెట్టారు. ఒకప్పుడు మా హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకు అడ్డుగోడలా నిలబడినవాడు. ఊళ్ళో కొత్తగా వచ్చిన ఉద్యోగం అదొక్కటే కావడంతో వాడూ కాదనలేకపోయాడు. తలుపు దగ్గర లోహాలు పట్టే చట్రం ఒకటి బిగించారు. కొలాచీ కావాలంటే బెల్టు విప్పాలి. నా తుంటి ఎముకలో ఇనుప కీలు ఉంది కాబట్టి నేను దాటిన ప్రతిసారీ అది కుయ్యోమనేది.

"పెద్దాయనా, నువ్వు వాదివా, ప్రతివాదివా, సాక్షివా?" అన్నాడు లోనీ మొదటి రోజు.

"గసగసాలవి రెండు, ఆప్రికాట్‌ది ఒకటి."

"అలా ఒప్పుకోరు. సాక్షి అని రాసుకుంటున్నా, ఏమనుకోకు."

అలా నేను రోజుకొకసారి సాక్షినయ్యాను. మా పాస్టరు గారు ప్రతివాదిగా నమోదయ్యారు, ఆయన తొందరలో దేనికో తలూపారు. మార్లీన్ కత్తులు జప్తు చేశారు. అప్పడాల కర్ర కూడా తీసుకుపోయారు. అది ఆయుధమని కాదు, కోర్టులో చెక్క మీద చెక్క కొట్టే హక్కు జడ్జికి ఒక్కరికే ఉందని. రోజూ ఉదయం లోనీ మేడెక్కి, ఎవరూ లేని హాల్లో నిలబడి "కోర్టు విరామంలో ఉంది! నిశ్శబ్దం!" అని గావుకేక పెట్టాలి. ఆ కేకకు ధర్మాసనం మీద పిండి కుంగిపోయేది.

"నీ గొంతు పడిపోనూ! గంగాళం పిండి నేలపాలయింది కదరా!"

"రూలత్తా! నేనేం చెయ్యను? అరవకపోతే నా ఉద్యోగం పోతుంది."

"అరిస్తే నా బేకరీ పోతోందిరా లోనీ."

పాపం, వాడి తప్పేముంది? మర్నాడు కాస్త మెల్లగా అరిచాడు. మెల్లగా అరిచినందుకు మెమో వచ్చింది.

మార్లీన్ ఊరికే కూర్చునే మనిషి కాదు. ఈ భవనాన్ని మాజీ చెయ్యండి మహాప్రభో అని అర్జీ పెట్టింది. పామ్‌ఫ్రెట్ ఎంతో మర్యాదగా వివరించాడు. మాజీ అని ప్రకటించే అధికారం జడ్జికే ఉంది. జడ్జి ఆ మాట ఆ కోర్టులోనే కూర్చుని చెప్పాలి. జడ్జి కూర్చోవాలంటే కోర్టు కోర్టులా ఉండాలి. కాబట్టి పొయ్యి ఆర్పాలి, గంగాళాలు దించాలి, బేకరీ మూయాలి. బేకరీని బతికించుకోవడానికి ముందు బేకరీ మూయాలన్నమాట. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెతను మన పెద్దలు ఈ శాఖను చూసే కట్టి ఉంటారు.

పొయ్యి ఆర్పే రోజు నేను అక్కడే ఉన్నాను. అత్తగారు పోయిన రోజున కూడా ఆరని పొయ్యి అది. మార్లీన్ ఇటుక గోడకు చెయ్యి ఆనించి, అది చల్లబడేదాకా అలాగే నిలబడింది.

"ఇంకోచోట పెట్టుకో అంటున్నారు అందరూ," అంది. "ఈ వయసులో ఎక్కడ పెట్టుకోను? ఈ గోడ వేడికి తగ్గట్టు కలపడమే వచ్చు నాకు. ఇంకో గోడ దగ్గర నాకు పిండి కలపడమే రాదు."

నాకు కడుపు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు, అందరూ మర్యాదస్తులే.

చివరికి జడ్జి లెనోర్ ఫిచ్ గారు వచ్చారు. మంచి మనిషి. ముందే చెబుతున్నాను, ఈ కథలో చెడ్డవాళ్ళు లేరు, ఉంటే ఎంతో బాగుండేది. ఊరంతా మేడ మీద చేరింది. లోనీ ఈసారి ధైర్యంగా అరిచాడు, కుంగడానికి పిండి లేదు కదా. ఆవిడ కూర్చోగానే పాత విరామం ముగిసింది. అంటే పాత కేసు మొదలైంది.

"ముద్దాయి రూడీ స్వోబోడా హాజరా?"

"సెయింట్ వాట్స్‌లావ్ దగ్గర ఉన్నారండీ," అన్నాడు లోనీ.

"రావడానికి ఎంత సేపు పడుతుంది?" అని ప్రభుత్వ లాయరు అడిగాడు. ఆయన ఈ ఊరివాడు కాదు, అది మా శ్మశానమని తెలియదు. విషయం తెలిశాక, మరణం రుజువయ్యేదాకా కేసు వాయిదా వేయాలని, కేసు తేలేదాకా కోర్టు మూసే వీల్లేదని అన్నాడు. జడ్జి గారు నిట్టూర్చి మార్లీన్ అర్జీ తీశారు. మార్లీన్ చెప్పుకున్నదంతా చివరిదాకా విన్నారు. మధ్యలో ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా.

"మిసెస్ హ్రుష్కా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఈ కోర్టు ఎప్పుడో మాజీ కావలసింది."

హాలంతా చప్పట్లు. లాయరు లేచాడు.

"క్షమించాలి యువర్ ఆనర్. తమరు ఇప్పుడు ఎక్కడ కూర్చుని ఆ మాట అన్నారు?"

"ఇక్కడే."

"ఇది మాజీ కోర్టయితే తమరి ఆర్డరు చెల్లదు. ఆర్డరు చెల్లితే ఇది మాజీ కోర్టు కాదు. అరవై ఏళ్ళలో ఎన్నడూ లేనంతగా ఈ కోర్టు ఇవాళే వాడుకలో ఉంది."

జడ్జి గారు పైకప్పు వైపు చూశారు. అక్కడ ఏమీ లేదు, పిండి ఆవిరికి పడిన మరకలు తప్ప.

"అమ్మా, ఒక్క మాట," అంది మార్లీన్. "కోర్టు కూర్చుంటేనే కదా కోర్టు? మీరు లేచి నిలబడి చెప్పేయండి. కూర్చోకుండా చెప్తే సరిపోదా?"

ఎవరూ నవ్వలేదు. అంతకన్నా తెలివైన మాట ఆ హాల్లో ఎన్నడూ ఎవరూ అనలేదని నా నమ్మకం. జడ్జి గారు నిజంగానే కాస్త లేవబోయారు. మళ్ళీ కూర్చున్నారు.

"నిలబడితే నేనూ మీలాంటి ఒక ఆడమనిషినే అమ్మా. నా మాట ఎవరూ వినరు," అన్నారు నెమ్మదిగా.

భవనం వాడుకలోనే ఉన్నట్టు నమోదైంది. చర్చి గంట పన్నెండు కొట్టింది. జడ్జి గారు సుత్తి ఒక దెబ్బ కొట్టారు. ఏమన్నారో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది. భోజన విరామం.

మెట్లు దిగుతూ ఆవిడ ఒక్క క్షణం ఆగారు. పొయ్యి చల్లారి వారాలు గడిచినా గోడల్లో ఆ వాసన ఇంకా పోలేదు.

"ఏదో కమ్మగా ఉందే! ఈ ఊళ్ళో తినడానికి మంచి చోటు ఏదైనా ఉందా అమ్మా?"

మార్లీన్ చట్రం అవతల, విప్పిన బెల్టు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఉండేదండీ," అంది.

జడ్జి గారు కారెక్కి హైవే వైపు వెళ్ళారు. వస్తారని లోనీ తలుపు దగ్గర ఇంకా కాపలా కాస్తున్నాడు. మా ఊళ్ళో బేకరీ మాత్రం మాజీ అయింది. దానికోసం ఎవరూ ఎక్కడా కూర్చోవలసిన అవసరం రాలేదు.