ప్రాణేశ్వరస్వామి వారి ప్రతిష్ఠ

ముప్పైమూడు కోట్ల దేవతలు చాలక, మారిషస్ దీవిలోని రివియేర్ దు రాంపార్ జిల్లా తెలుగువాళ్ళం మేము ఇంకొకరిని సంపాదించుకున్నాం. స్వామివారి పేరు ప్రాణేశ్వరుడు. నల్లరాతి విగ్రహం, ముఖాన కళ్ళజోడు, వాహనం బైసికిలు. నైవేద్యం కాఫీ, బిస్కత్తులు. ఈ స్వామిని గురించి కిట్టనివాళ్ళు లేనిపోని మాటలు అంటున్నట్టు మా భజన సమాజం దృష్టికి వచ్చింది. అందుచేత జరిగింది జరిగినట్టు లోకానికి తెలియజేసే భారం నా మీద పడింది.

ముందు గ్రంథం సంగతి చెప్పాలి. కీర్తనల పుస్తకం ఒకటి కావాలని మా సమాజం స్వదేశానికి కబురు పంపింది. అగరొత్తులు, పంచాంగాలతో పాటు ఓడలో ఒక పుస్తకం దిగింది. అట్ట లేదు, పేరు లేదు. మొదటి పుటలు ఏ కళాసీ చుట్టలకు పనికొచ్చాయో తెలియదు. మిగిలినవాటిలో మొదటి పుట మీద "రెండవ ప్రకరణము" అని ఉంది. మా పూజారీ, భజన గురువూ అయిన కొండయ్యగారు దాన్ని కళ్ళకద్దుకుని, ప్రకరణాలు ఉండేది శాస్త్రాలకే అని తేల్చారు. తెలుగులో అచ్చయింది దేవుడి పుస్తకం కాక మరేమవుతుంది? ఇంట్లో మేము మాట్లాడేది క్రియోల్. చెరకుతోటలో భోజ్‌పురి. తెలుగు మేము దేవుడితో పని పడ్డప్పుడు వాడుకునే భాష. కనుక పుస్తకానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, సమాజం అధ్యక్షులు ఆదినారాయణగారి ఇంట పూజ గూట్లో వేంచేపు చేశాం.

శనివారాలు రామభజన అయ్యాక పారాయణం. "కమలిని మేడమీది కిటికీ తెరచి, ప్రాణేశ్వరా! నీ బైసికిలు గంట వినిననే గాని నాకు నిద్ర రాదుగదా యనెను" అని కొండయ్యగారు రాగం తీసి చదివితే, మేమంతా "గోవిందా!" అని చేతులెత్తేవాళ్ళం.

మొదట అడిగింది పాపమ్మ అవ్వ. సింహాచలం కొండ కింద పుట్టి, చిన్నప్పుడే ఓడెక్కి వచ్చిన మనిషి. "రామేశ్వరుణ్ణి ఎరుగుదును బాబూ, భీమేశ్వరుణ్ణి ఎరుగుదును. ఈ ప్రాణేశ్వరుడెవరు? ఆ సామి గుడి ఏ ఊళ్ళో ఉంది?" అంది.

తెలియదు అని చెప్పిన పూజారిని మా దీవిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కొండయ్యగారు ఒక పుట వెనక్కి తిప్పి, "గోదావరి ఒడ్డున ఉంది తల్లీ" అన్నారు. పుస్తకంలో గోదావరి ఉన్నమాట నిజమే.

ఆ క్షణం నుంచి మా ఊరికి మంచి రోజులు వచ్చాయి. కథ మీకూ తెలియాలి గనుక చెబుతున్నాను. మోహనరావు అనే అందగాడు రాజమహేంద్రవరంలో బి.ఏ. చదువుతూ ఉంటాడు. కమలిని అనే అందగత్తె హార్మోనియం వాయిస్తూ ఉంటుంది. అతడు వీధిలో బైసికిలు మీద పోతాడు, ఆమెకు శ్రుతి తప్పుతుంది. ఇద్దరూ వెన్నెట్లో కూర్చుని కాఫీ తాగి, బిస్కత్తు విరిచి చెరిసగం తింటారు. నాలుగు ప్రకరణాల పాటు ఇంతకు మించి ఏమీ జరగదు. అయినా మావాళ్ళకు విసుగు లేదు. పగలంతా చెరకు నరికి, అరచేతులు కోసుకుపోయిన ఆడవాళ్ళు, కమలిని వేలికి గులాబీ ముల్లు గుచ్చుకుందని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. మొగుడితో ఒక్క మంచి మాటకు నోచుకోని గౌరీదేవి, ప్రాణేశ్వరా పాహిమాం అని భజన కట్టింది. ఆమె మొగుడే తాళం వేశాడు.

తరవాత గండం వచ్చింది. కమలిని కులం ఒకటి, మోహనరావు కులం ఒకటి. కమలిని తండ్రి ఆమెను గదిలో పెట్టి తాళం వేశాడు. ఆ శనివారం మా ఊళ్ళో పొయ్యి రాజేసిన ఇల్లు లేదు. ఆదినారాయణగారు సభ మధ్యలో లేచి నిలబడి, "ప్రేమించిన పిల్లల్ని విడదీసేవాడు మనిషా? వాడు తండ్రి కాదు, రాక్షసుడు! వాడి నోట పురుగులు పడ!" అని గర్జించి, కూలబడి, పిల్లవాడిలా ఏడ్చారు. అధ్యక్షుల హృదయం ఎంత మెత్తనిదో ఆ రోజు లోకానికి తెలిసింది. గుడి కట్టాలన్న తీర్మానం అప్పుడే, అక్కడే ఆమోదం పొందింది.

విగ్రహం పని మార్సెల్ అనే క్రియోల్ తాపీమేస్త్రీకి అప్పజెప్పాం. మీ దేవుడు ఎలా ఉంటాడని అతడు అడిగితే కొండయ్యగారు గ్రంథం చూసి, ఉంగరాల జుట్టు, బంగారు అంచు కళ్ళజోడు, కాళ్ళకు బూట్లు అని ధ్యానశ్లోకంలా చదివి, అర్థం క్రియోల్‌లో చెప్పారు. మార్సెల్ చాలాసేపు తల గోక్కుని, "బోన్‌ద్యే, ఓరి దేవుడా! ఈ దేవుడు మా మిల్లు గుమాస్తాలా ఉన్నాడే!" అన్నాడు. అన్యమతస్థుడికి అంతకన్నా ఎలా తెలుస్తుంది?

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మా ఊళ్ళో ఒక్క మనిషికి మాత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అర్థమైంది. ఆమె ఆదినారాయణగారి కూతురు తులసి. తాతగారు పోయేముందు ఆమెకు తెలుగు చదవడం నేర్పిపోయారు. ఆడపిల్లకు చదువెందుకని మేము అప్పుడే అన్నాం. గ్రంథం ఉన్నది ఆ ఇంట్లోనే కనుక, దీపం పెట్టే వంకతో పిల్ల రోజూ నాలుగు పుటలు చదివేది. ప్రాణేశ్వరుడంటే ఎవరో ఆమెకు తెలుసు. తెలిసీ పెదవి విప్పలేదు. మాకు తెలిస్తే పుస్తకాన్ని పొయ్యిలో పెడతామని కూడా తెలుసు.

చెరకు కోతల కాలంలో లాల్మతీ అనే ఊరి నుంచి సీతారాం అనే కుర్రవాడు ఎడ్లబండి తోలుకొచ్చి మా ఊరి చెరకు మిల్లుకు చేరవేస్తాడు. భోజ్‌పురి మాట్లాడే ఇంటివాడు. కష్టపడేవాడు, తాగుడు లేదు, ఎద్దును కూడా కసురుకోడు. వాళ్ళిద్దరి మధ్య మాట ఎప్పుడు కలిసిందో మాకు తెలియదు. ఒక మధ్యాహ్నం గడ్డికి వెళ్ళిన పాపమ్మ అవ్వ, చెరకు గుబురు అవతల ఆడగొంతు ఒకటి "ప్రాణేశ్వరా!" అని ప్రేమగా పిలవడం, మగగొంతు ఒకటి "ఊ" అని పలకడం చెవులారా విన్నది.

అవ్వ గడ్డిమోపు పారేసి పరుగెత్తుకొచ్చింది. "సామి వచ్చేశాడర్రా! పిలిస్తే పలుకుతున్నాడు!"

ఊరు ఊరంతా కదిలింది. తప్పెట, తాళాలు, కొబ్బరికాయలు. గౌరీదేవి వేడివేడి కాఫీ చెంబుతో పరుగెత్తింది. కొండయ్యగారు కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని, చెరకు తోటలోకి హారతి ఇస్తూనే నడిచారు. కళ్ళు తెరిచేసరికి పళ్ళెం సీతారాం ముఖం ముందు తిరుగుతోంది. పక్కన తులసి. "కి ఆరివే, ఏమైంది?" అని సీతారాం బెదిరిపోయి అడిగాడు. వెనక వరస వాళ్ళకు ఏమీ కనబడక ఇంకా గోవిందా అంటూనే ఉన్నారు.

సాయంత్రం సమాజం విచారణకు కూర్చుంది. పిల్ల తల వంచలేదు.

"నాన్నా, నాకు సీతారాంతో పెళ్ళి చెయ్యి. కమలిని తండ్రి నోట పురుగులు పడాలని అన్నది నువ్వే కదా?"

"అది పురాణం, ఇది నా ఇల్లు! రెండూ ఒకటి కాదు!"

"అది పురాణం కాదు నాన్నా. ఒట్టి కథ. ప్రాణేశ్వరుడంటే దేవుడు కాదు. మనసిచ్చినవాణ్ణి ఆడది పిలుచుకునే పిలుపు, అంతే."

మనసులో మాట చెప్పాలంటే, ఆ పిల్ల చెప్పింది నిజమేనని నాతో సహా చాలామందికి ఆ క్షణాన తోచింది. తోచినందుకు ఒళ్ళు మండింది. ఇన్ని శనివారాలు చెంపలు వేసుకున్నవాళ్ళం, ఒక మిల్లు గుమాస్తాకు వేసుకున్నామా? కొండయ్యగారు లేచి గొంతు సవరించుకున్నారు. ఆయన ప్రసంగం అక్షరాలా ఇది: "మహాజనులారా! భాష తెలిసినంత మాత్రాన భక్తి తెలిసినట్టు కాదు. ఈ బాలిక స్వామివారి దివ్యనామాన్ని బండి తోలేవాడికి పెట్టింది. ఇది ప్రేమ అయితే మనం క్షమించేవాళ్ళమే, మనకు ప్రేమంటే ఎంత గౌరవమో పారాయణమే సాక్షి. కాని ఇది దైవదూషణ!"

తీర్మానం ఏకగ్రీవం. ప్రాణేశ్వరుడు దేవుడు కాడన్న వాదాన్ని, గుడి గోడలు ఇప్పటికే లేచిపోయిన కారణంగా, సమాజం అంగీకరించజాలదు. సీతారాం బండి మా ఊరి పొలిమేర తొక్కరాదు. అపచారానికి ప్రాయశ్చిత్తంగా పిల్లకు వెంటనే పెళ్ళి జరగాలి. కార్తియే మిలితేర్‌లో కొట్టు పెట్టుకున్న పెద్దన్నగారు, మొదటి భార్య పోయి పిల్లలతో అవస్థపడుతున్నవారు, దయతో ఒప్పుకున్నారు. అంతవరకు తులసిని గదిలో పెట్టి తాళం వేశారు. ఆ శనివారం ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరలేదు.

ప్రతిష్ఠ రోజున ఒక చిక్కు వచ్చింది. చివరి ప్రకరణం చదవాల్సి ఉండగా, గర్భగుడిలో పొగకు కొండయ్యగారి కళ్ళు మూసుకుపోయాయి. ఆ గ్రంథం తెలుగు తడబడకుండా చదవగలిగిన మనిషి ఇంకొక్కతే. తాళం తీసి తులసిని తెచ్చి కూర్చోబెట్టారు. పెళ్ళికూతురు పసుపు చేతులతోనే పుస్తకం పట్టుకుంది. కమలిని తండ్రి మనసు కరిగింది, కూతురి చెయ్యి మోహనరావు చేతిలో పెట్టి, "మీ ప్రేమకు అడ్డుపడిన నేను పాపిని, మన్నించండి" అన్నాడు. ఆ మాట దగ్గర తులసి ఆగి, తండ్రి వైపు చూసింది. ఆదినారాయణగారు ఆమె చూపు చూడలేదు. ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుంటూ, "చూశారా, తండ్రి అంటే అలా ఉండాలి" అని పక్కవాళ్ళతో అంటున్నారు. గోవింద నామంతో కొత్త గోడలు అదిరాయి. కాఫీ, బిస్కత్తులు పంచాం. మర్నాడు పొద్దున్నే పిల్లను కార్తియే మిలితేర్ పంపించేశాం.

స్వామివారి ప్రభావం నానాటికీ పెరుగుతోంది. పెళ్ళి కావలసినవాళ్ళు బైసికిలుకు పూలదండ వేస్తే పెద్దలు మెచ్చిన సంబంధం ఇట్టే కుదురుతుంది. ప్రేమించుకున్నవాళ్ళకు గుళ్ళో ప్రవేశం లేదు. అపచారం మళ్ళీ జరగకుండా ఆడపిల్లలకు చదువు నేర్పరాదని కూడా నియమం పెట్టాం. ఆ తులసి మాత్రం మారలేదట. అక్కడి ఆడవాళ్ళు ఎంత బతిమాలినా స్వామి పేరు నోటితో పలకదట. భక్తి లేని పిల్ల అని పాపమ్మ అవ్వ ఇప్పటికీ బాధపడుతూ ఉంటుంది.

ఇంతవరకూ చదివిన తమరు, తులసికి సీతారాంతో ముడిపడితే బాగుండునని ఎక్కడో ఒకచోట అనుకునే ఉంటారు. కొందరికి కళ్ళు చెమర్చి కూడా ఉంటాయి. చాలా సంతోషం, తమరూ మా స్వామి భక్తులే. తప్పక ఒకసారి గుడికి దయచేయండి. వచ్చేటప్పుడు ఇంట్లో అమ్మాయి గదికి తాళం వేయడం మాత్రం మరిచిపోకండి.