చలి తగ్గనీండి, చూపిస్తాను!

హాబీలను మూలన పడేసిన మనిషంత సుఖపడే మనిషి ఈ లోకంలో మరొకడు లేడు! ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నా హాబీలు మూలన పడి పదకొండేళ్ళయింది.

జాలిపడకండి. ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. బొమ్మలు వేసేవాణ్ణి చూసి జనం ఏమంటారు? "ఫరవాలేదు" అంటారు. మరి వెయ్యనివాణ్ణి చూసి? "పాపం, తీరికుంటే ఎంతటివాడయ్యేవాడో!" అంటారు. ఈ రెండింట్లో ఏది మేలు? నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. మా సెక్షన్‌లో చిత్రకారుడిగా నాకున్న పేరు, నిజంగా బొమ్మలు వేసేవాడెవడికీ లేదు. ఒక్క బొమ్మ కూడా వెయ్యకుండా ఆ పేరు కాపాడుకుంటూ వస్తున్నాను.

పైగా హాబీ సామానంత పనికొచ్చే సామాను ఇంట్లో ఇంకోటి ఉందా? బొమ్మ నిలబెట్టుకునే నా ఈజిల్‌నే తీసుకోండి. ఈ చలికి బట్టలారక వీధి వీధంతా అల్లాడుతుంటే, మా ఇంట్లో ఏడు జతల సాక్సులు దాని మీద దర్జాగా ఆరుతున్నాయి. నా వేణువే లేకపోతే, సోఫా కిందకి దొర్లిపోయిన బీపీ మాత్ర మా అత్తగారికి దక్కేదా? ఆవిడ మందులన్నీ నా కెమెరా బ్యాగులోనే ఉంటాయి. కెమెరా ఏదంటారా? ఇంట్లోనే ఎక్కడో ఉండాలి.

ఇక తీరిక అంటారా, మా ఇంటి హడావుడి మీరు చూడలేదు. పొద్దున్నే మూడు లంచ్ బాక్సులు కట్టాలి. అమ్మాయి ఐడీ కార్డు వెతకాలి. అత్తగారి కళ్ళలో చుక్కలు వెయ్యాలి. వాషింగ్ మెషీన్ గొట్టం ఊడిపోతే మళ్ళీ బిగించాలి. ఇవన్నీ కుర్చీలో కూర్చుని కళ్ళారా చూస్తుంటే మనిషన్నవాడు అలిసిపోడా? అలిసిపోయినవాడు కుంచె పట్టుకోగలడా?

అందుకే నాకు వసంతమంటే ప్రాణం. "చలి తగ్గనీండి, చూపిస్తాను!" అనుకుంటూ ఎంత చలికాలమైనా హాయిగా గడిపెయ్యొచ్చు. ఏటా చలి తగ్గుతుంది. తగ్గగానే అమ్మాయికి పరీక్షలు. పరీక్షలవగానే ఎండలు. ఎండల్లో రంగులు గిన్నెలోనే ఎండిపోతాయి, వానల్లో కాగితం మీద కూడా ఆరవు. ఈలోపు మళ్ళీ చలి. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టాలని ఎవరికైనా ఎందుకనిపిస్తుంది?

మా అమ్మాయి స్కూల్లో టీచరుగారికి అనిపించింది. "మా ఇంట్లోవాళ్ళ హాబీలు" అని ఏడో క్లాసు పిల్లలందరినీ చార్టు తయారుచెయ్యమన్నారు.

నేను ఉత్సాహంగా చెప్పుకుపోయాను. చిత్రలేఖనం, వేణువు, ఫొటోగ్రఫీ, తోటపని, నక్షత్రాలు చూడడం. చార్టులో నా గడి చాలక అమ్మాయి పక్కన ఇంకో కాగితం అతికించింది. మా అత్తగారు తనకి పదకేళి ఇష్టమని చెప్పి, సీరియల్‌లో చెడ్డవాడెవడో అందరికంటే ముందే పట్టెయ్యడం కూడా రాయమన్నారు. మా ఆవిడ గడి మాత్రం ఖాళీ. ఆమె ఆస్పత్రి మందుల షాపులో పనిచేస్తుంది. అమ్మాయి రెండు రోజుల్లో నాలుగుసార్లు అడిగితే, నాలుగుసార్లూ ఈ పని అవనీ, చెబుతానంది.

చార్టు ఇచ్చేయాల్సిన రోజు పొద్దున కూడా గడి ఖాళీగానే ఉంది. మీ అమ్మకి హాబీలేముంటాయే, వంట అని రాసెయ్ అని నేను నవ్వాను. మా ఆవిడ లంచ్ బాక్సు మూత పట్టుకుని ఆగిపోయింది.

"వంట అని రాయకు. ఒక్క ఆదివారం ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలి. ఎవరూ నన్నేదీ అడక్కూడదు. అది రాయి."

"అది హాబీ ఎలా అవుతుందమ్మా?"

"ఏమో. ఎప్పుడూ చేసి చూడలేదు కదా" అంది.

అమ్మాయి అలాగే రాసింది. నాకు చర్రున కోపమొచ్చింది. ఊరంతా మా గురించి ఏమనుకుంటుంది? కానీ ఆ చార్టు క్లాసు గోడకెక్కింది, ఇక ఆ ఆదివారం ఇవ్వక చేసేదేముంది?

చలి తగ్గి చెట్లు చిగురేసిన మొదటి ఆదివారం అత్తగారినీ అమ్మాయినీ వెంటబెట్టుకుని, రంగుల పెట్టెతో సహా పార్కుకి వెళ్ళాను. తీరిక ఉంది. చెట్టుంది. వెలుతురుంది. ఒక్క సాకు కూడా మిగల్లేదు! ఇద్దరూ చెరోపక్క కూర్చుని నా చేతినే చూస్తున్నారు. ఆ చెట్టు బొమ్మ వెయ్యక తప్పలేదు. నలభై నిమిషాలయ్యాక మా అత్తగారు ఎంతో మర్యాదగా, ఆ గేదె ఎటు తిరిగి నిలబడిందని అడిగారు. పదకొండేళ్ళుగా కాపాడుకొచ్చిన పేరు అక్కడితో సరి.

అంతటితో అయిందా? కళ్ళలో చుక్కల మందు బ్యాగులో ఏ జేబులో పెట్టిందో అడుగుదామని ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ ఎత్తలేదు. అమ్మాయి స్వెట్టర్ తెచ్చామా లేదా అని చేశాను. ఎత్తలేదు. టిఫిన్ డబ్బా మూత రావడం లేదని మూడోసారి చేశాను. ఎత్తితే కదా! చుక్కలు నేనే వెతికి నేనే వేశాను. మూడుసార్లు చెంప మీద పడ్డాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చునుంది. ఒళ్ళో చేతులు తప్ప ఏమీ లేవు. ఏం చేశావని అడిగితే, ఏమీ చెయ్యలేదంది. ఆ మాట చెబుతూ నవ్వింది. ఆ నవ్వు నేను చూసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తురాలేదు. తీరిక లేదు, తీరిక లేదని ఊరంతా చాటుకున్నవాణ్ణి నేను. తీరిక లేకుండా బతికింది తను. చాలా సిగ్గేసింది.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తారు?" అని అడిగింది.

వచ్చే ఆదివారమే అన్నాను. పార్కుకి ఏమేం సర్దుకోవాలో ఆమెనే అడగబోయి, నోరు మూసుకున్నాను.