నల్లకారు మీద నాలుగు వేళ్లు

మంచు ఇంకా విడవలేదు. మదనపల్లె ఆసుపత్రి డ్రైవరు నెహెమ్యా నల్లకారును వేపచెట్టు కింద నిలిపి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పదింటికి డాక్టరమ్మ విక్టోరియాను కుప్పం తీసుకుపోయి, అక్కడ రైలు దిగే పెద్ద డాక్టరును ఎక్కించుకురావాలి. "రంగు చెడిందో, నిన్ను తీసేసి ఆ వార్డుబాయి దొరస్వామిని డ్రైవరుగా పెట్టుకుంటా" అని ఆమె నిన్ననే చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. ఆరేళ్ల కింద ఇంజను తిప్పే హ్యాండిల్ వెనక్కి తన్ని ఒక వేలు పట్టుకుపోయినా, నెహెమ్యాకు ఆ కారంటే ప్రాణం.

యుద్ధకాలం. సబ్బు దొరకదు. "కుంకుడుకాయ నానబెట్టినా. దాంతో కడుగు, మెత్తగా పోతాది" అంది భార్య వరమ్మ.

"తలంటు పోసేదానికి ఇదేమన్నా పెండ్లికూతురా?" అని కొట్టిపారేశాడు. ఆసుపత్రి బట్టలుతికే మారెమ్మను అడిగి బుట్టెడు చౌడుమన్ను తెచ్చాడు. తెల్లకోట్ల మీది నెత్తుటి మరకలనే వదలగొట్టే మన్నుకు కారు మీది దుమ్ము ఒక లెక్కా!

ముద్దగా కలిపి, లోపలా బయటా రుద్ది, నీళ్లు పోశాడు. తడి మీద కారు నిగనిగలాడింది. ఎండ పొడ తగిలి తలుపు ఆరేసరికి, దాని మీద తెల్లగా ఒక చెయ్యి తేలింది.

తడిగుడ్డతో తుడిచాడు. పోయింది. ఆరగానే మళ్లీ వచ్చింది. ఈసారి పక్కన ఇంకొకటి. రెండింటికీ నాలుగేసి వేళ్లే.

నెహెమ్యా గుడ్డ వదిలేసి వెనక్కి జరిగాడు. మొన్న పుంగనూరు నుంచి తెస్తుంటే ఈశ్వరమ్మ అనే ముసలామె ఆ తలుపే పట్టుకుని దారిలో ప్రాణం విడిచింది. "ఆపప్పా, దిగల్ల, దిగల్ల" అన్నదే ఆమె చివరి మాట.

"ఆయమ్మ దిగలేదప్పా. ఈడనే ఉండాది" అంది మారెమ్మ గుసగుసగా.

"ఆయమ్మకు అయిదు వేళ్లూ ఉండె గదా?"

"సచ్చినోళ్లకు ఒకటి తగ్గుతాదంట."

నెహెమ్యా కీర్తన అందుకుని ఇంకా గట్టిగా రుద్దాడు. తుడిచేకొద్దీ చేతులు పెరిగాయి. బానెట్ మీద రెండు, పైకప్పు మీద మూడు. వెనక అద్దానికి లోపలివైపు, బయటికి తోస్తున్నట్టు ఒకటి. వేపాకు కూడా కదలడం లేదు. చూడవచ్చిన రోగులు, నిన్నటిదాకా మంచం దిగలేనివాళ్లు సైతం, దుప్పట్లు వదిలేసి పరుగెత్తారు. వాళ్లందరికంటే ముందు పరుగెత్తింది దొరస్వామి. మారెమ్మ నిమ్మకాయ దిగదుడిచి చక్రం కింద పెట్టింది. చర్చి పెద్ద కాబట్టి నెహెమ్యా మొహం అటు తిప్పుకున్నాడు.

"ఆ పక్క చక్రానికి గూడా ఒకటి పెట్టు" అన్నాడు.

పది కొట్టింది. డాక్టరమ్మ వచ్చి కారును చూసి నిలబడిపోయింది. "ఏంది నెహెమ్యా ఇది?"

"దేవుని తోడు, నేను కాదమ్మా! ఈశ్వరమ్మ!"

ఆమె అతని ఎడమచెయ్యి పట్టుకుని తలుపు మీది గుర్తుకు ఆనించింది. చిటికెన వేలు లేని ఆ చెయ్యి అచ్చుకు సరిగ్గా అతికింది. చౌడు అంటిన ఎడమచెయ్యి కారుకు ఆనించి, కుడిచేత్తో తుడుస్తూ, పొద్దుటినుంచి ఆ దయ్యాన్ని అతనే పెంచాడు.

నెహెమ్యాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. వరమ్మ కుంకుడు రసం తెచ్చి మెత్తటి గుడ్డతో తుడిచింది. చేతులన్నీ పోయాయి, మొదటిది తప్ప. అక్కడ చౌడు రంగునే తినేసింది.

"దొరస్వామిని పిలవండి" అంది డాక్టరమ్మ.

దొరస్వామి గేటు బయటినుంచే దండం పెట్టాడు. "నాకు పెండ్లాం బిడ్డలుండారమ్మా! ఆ బండి జోలికి నేను రాను!"

ఆమె కాసేపు కారును, కాసేపు నెహెమ్యాను చూసి, విధిలేక వెనకసీట్లో కూర్చుంది.

ఆనాటినుంచి నెహెమ్యా కారును కుంకుడు రసంతోనే కడిగాడు, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని.