కామేశ్వరరావు గారి చలి సాధన

మే నెల మూడో వారం. గోదావరిఖనిలో పొద్దున ఏడింటికే గోడలు సెగలు కక్కుతున్నాయి. ఆ పూట కామేశ్వరరావు మందపాటి స్వెట్టరు తొడుక్కుని, ఏసీని పదహారుకు దించి, మంచం మీద వెల్లకిలా పడుకుని గడ్డం దాకా తెల్ల దుప్పటి కప్పుకున్నాడు. చలి దూరకుండా చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ముక్కు కారడం మొదలయ్యేసరికి అందులోనూ కాస్త దూది కుక్కాడు. ప్రయాణమయ్యే దాకా రోజూ టిఫినుకు ముందు ఇలా చలినీ, చలి బట్టల్నీ ఒకేసారి అలవాటు చేసుకోవాలని ఆయన పథకం.

ప్రయాణం బల్గేరియాకి. ఆయన బొగ్గు కంపెనీ స్టోర్స్‌లో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చిన రోజు నుంచీ "ఈ దుమ్ములో మనుషులుంటారా?" అనడం ఆయనకు అలవాటు. జీతం, మేడ, పింఛను ఆ దుమ్ములోంచే వచ్చాయన్న సంగతి ఎప్పుడూ గుర్తుకు రాలేదు. అక్కడి మంచు కొండల ముందు కాఫీ తాగుతున్న ఒక ముసలి జంట వీడియో ఫోనులో చూసి, శేషజీవితం అక్కడే అని తేల్చేశాడు. భార్య లలితాంబను అడగలేదు. ఊరందరికీ మాత్రం చెప్పాడు.

ఊరికి ఆ పేరు నోరు తిరగలేదు. "బళ్ళారికా సార్? గక్కడ ఇనుప గనులున్నయి గద. మల్ల డ్యూటీకెక్కుతున్నవా?" అని వీధి చివరి ఆటో పోశం అభిమానంగా అడిగాడు. ఆ మాటకు కామేశ్వరరావు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆ ఉదయం గిన్నెలు తోమడానికి వచ్చిన సారక్క, తెరిచి ఉన్న తలుపులోంచి పడకగదిలోకి చూసింది. తెల్ల దుప్పటి, ముక్కులో దూది, మూసిన కళ్ళు. బిక్కచచ్చిపోయి వంటింట్లోకి వెళ్ళింది. రాత్రంతా ఏసీ చలికి జలుబు పట్టి, లలితాంబ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు పూడుకుపోయింది.

"అమ్మా, సార్‌కేమైంది? గట్ల పండిండేంది?"

"ఆయనకి పిలుపొచ్చేసింది సారక్కా," అంది లలితాంబ, వీసా సంగతి తల్చుకుని. "రాత్రే తెలిసింది. ఇక నాదే మిగిలింది. ఈ ఇల్లూ వాకిలీ వదిలి నేనెలా వెళ్ళేది చెప్పు?" అని నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుంది.

సారక్క చేతిలో గిన్నె అక్కడే వదిలేసి వీధిలోకి పరుగెత్తింది. "సార్ పోయిండు! అమ్మ గూడ పోతనంటుంది!"

లలితాంబ స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో షామియానా లేస్తోంది. గుమ్మం బయట చెప్పులు గుట్టపడ్డాయి. ఆమె గాభరాగా గదిలోకి దూరింది.

"ఏమండీ, లేవండి! మీరు పోయారనుకుని ఊరంతా వచ్చింది!"

కామేశ్వరరావు ఒక కన్ను తెరిచాడు. "ఊరంతానా?"

"వాకిట్లో చోటు లేదు."

"అయితే తొందరపడకు. నా గురించి ఏమనుకుంటున్నారో కాస్త విననీ." చెవుల్లో దూది పీకేసి, మళ్ళీ కన్ను మూశాడు. "తలుపు కొంచెం ఓరగా పెట్టు."

"మతి పోయిందా మీకు?"

"ఇన్నేళ్ళు వీళ్ళ మధ్య పడి ఉన్నాను లలితా. ఆ మాత్రం వినొద్దా?"

లలితాంబకూ లోపల కుతూహలం లేకపోలేదు. తలుపు ఓరగా వేసి, తుమ్ములు ఆపుకోవడానికి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని హాల్లో కూర్చుంది. చూసినవాళ్ళ గుండె తరుక్కుపోయింది.

"సార్ మంచోడే," అన్నాడు పోశం, కాసేపు ఆలోచించి.

"ఏం చేసిండన్నా?" అడిగింది సారక్క.

"గదే యాద్ చేస్తున్న. దొరుకుతలేదు."

స్టోర్స్‌లో ఆయన కింద పనిచేసి రిటైరైన బద్రుద్దీన్‌కు ఆ మాట ఇబ్బందిగా తోచింది. "గట్లనకు పోశం. నేనడగంగనే ఒకపారి సెలవిచ్చిండు సార్."

"ఎప్పుడు కాకా?"

"సమ్మె రోజు."

లోపల దుప్పటి కదిలింది. ఎవరూ చూడలేదు.

"అమ్మనైతే దేవత," సారక్క ముక్కు చీదింది. "ఇగనన్న నిమ్మలంగ బతుకుతది."

లలితాంబ కొంగు ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టుకుంది. ఇంతలో పోశం ఫోను చేసి రప్పించిన శవాల ఫ్రీజర్ పెట్టె వచ్చేసింది. నలుగురు మోసుకుంటూ గదిలోకి తెచ్చారు. లలితాంబ "అయ్యో, ఆగండి!" అని అడ్డం పడబోతే ఆడవాళ్ళు పట్టుకుని ఓదార్చడం మొదలుపెట్టారు. కామేశ్వరరావు లేవబోయి ఆగాడు. ఇంతమంది ముందు ఇప్పుడు లేస్తే పరువేం కావాలి? పెట్టె దించి బయటికి వెళ్ళగానే లేవొచ్చని బిగుసుకున్నాడు.

"పెద్ద ప్లగ్గు ఒక్కటే ఉన్నది కాకా, ఎట్ల?"

"ఏసీది పీకెయ్. ఇగ సార్‌కు ఏసీ ఎందుకు?"

ఏసీ ఆగింది. స్వెట్టరు లోపల చెమట కాలవలు కట్టింది. పెట్టెలోకి ఎత్తడానికి బద్రుద్దీన్ ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"ఇంక వేడిగనే ఉన్నయి పోశం!"

"గీ ఎండకు ఎవలియైన గట్లనే ఉంటయి. లేపు."

"ఏసీ ఆపిందెవడ్రా!" అని కామేశ్వరరావు గావుకేక పెట్టి లేచి కూర్చున్నాడు.

గది ఒక్క దెబ్బకు ఖాళీ అయింది. వీధి మలుపు దాకా పరుగెత్తినవాళ్ళున్నారు. బద్రుద్దీన్ ఒక్కడే కదల్లేదు. పెట్టె అంచు అతని కాలి మీద ఉంది. కాసేపటికి పోశం పూలదండతో మెల్లగా గుమ్మంలోంచి తొంగిచూశాడు. సారు నిజంగానే తిడుతున్నాడని రూఢి చేసుకున్నాక లోపలికి వచ్చాడు.

"తెచ్చినం గద సార్, ఖరాబైతది. బళ్ళారికి పోతున్నవు గద, సన్మానమనుకో," అని మెడలో వేశాడు.

"బల్గేరియా!" అని అరిచాడు కామేశ్వరరావు. ముక్కులోంచి దూది ఎగిరి దండ మీద పడింది.

ఆ తర్వాత ఆయన కూరగాయల మార్కెట్టుకు వెళ్ళలేకపోయాడు. కనిపించిన ప్రతివాడూ "పానం మంచిగున్నదా సార్?" అని ఆగి మరీ అడిగేవాడు. అందులో వెటకారం ఎంతో, ప్రేమ ఎంతో ఆయనకు ఎటూ తేలలేదు. లలితాంబ వీసా రాగానే సామాను సర్దేశారు.

ఇప్పుడు బల్గేరియాలో ఒక కొండ ఊళ్ళో ఉంటున్నారు. ఏడుస్తూ విమానమెక్కిన లలితాంబకు పక్కింటి ముసలమ్మ గిన్నెడు పెరుగు తెచ్చిచ్చింది. ఆమె దాన్ని అన్నంలో కలిపి, ఆవాలు, మిరపకాయలు తాలింపు పెట్టి తిరిగి పంపింది. అప్పటి నుంచి ఆ రెండిళ్ళ మధ్య గిన్నెలు ఆగింది లేదు. ఆమె ఆ భాష నేర్చుకుంది. ఆ ఊరి ఆడవాళ్ళతో కలిసి సంతకు వెళుతుంది. గోదావరిఖని ఎలా ఉందని అడిగితే, బాగానే ఉండి ఉంటుంది అంటుంది.

కామేశ్వరరావుకు మంచు మొదటి వారంలోనే మొహం మొత్తింది. రోజూ కాఫీ హోటల్లో నలుగురు ముసలివాళ్ళ మధ్య కూర్చుని, "ఇదీ ఒక ఊరేనా? ఈ చలిలో మనుషులుంటారా?" అని మొదలుపెడతాడు. మా గోదావరిఖనిలో అయితే నాకు ఒంట్లో బాగా లేదంటే చాలు, నిమిషంలో వాకిలి నిండిపోయేది, అదీ మనుషులంటే, అని కళ్ళు తుడుచుకుంటాడు. వాళ్ళు తల ఊపుతూ వింటారు.

వాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు కాబట్టి, ఆ ఊళ్ళో ఆయన చాలా మంచివాడు.